ఆవిరి పట్టికల చరిత్ర

ఇంజనీరింగు కళాశాలలో ఉష్ణగతిక శాస్త్రపు పరీక్ష జరిగే రోజున విద్యార్థుల చేతులలో ఒక పలుచని పుస్తకము కనబడుతుంది. పరీక్షగదిలోనికి పుస్తకములు తీసికొని పోగూడదన్న నియమము ఉన్నా, ఈ ఒక్కదానికి మాత్రము అనుమతి ఉన్నది. అందులో పాఠములు లేవు. పుట తరువాత పుట అంకెలే. ఫలానా ఉష్ణోగ్రత వద్ద నీటి ఆవిరికి పీడనము ఎంత, ఒక కిలోగ్రాము ఆవిరి ఎంత చోటు ఆక్రమిస్తుంది, అందులో ఎంత వేడి ఇమిడి ఉన్నది అనే సంగతులే అందులో ఉంటవి. దీనినే ఆవిరి పట్టిక అంటారు. రామగుండము, విజయవాడ, కొత్తగూడెము మొదలైన చోట్ల థర్మల్ విద్యుత్కేంద్రములలో బొగ్గు మండి, నీరు ఆవిరియై టర్బైనులను తిప్పుతున్నది. ఆ బాయిలరు గొట్టముల మందము మొదలుకొని టర్బైను రెక్కల పొడవు వరకు చేసే లెక్కలన్నిటికీ ఇటువంటి పట్టికయే ఆధారము.

విద్యార్థి ఈ అంకెలను ప్రశ్నించడు. 100 డిగ్రీల వద్ద ఒక కిలోగ్రాము నీరు ఆవిరిగా మారడానికి సుమారు 2257 కిలోజౌళ్ల వేడి కావలెనని పట్టికలో ఉంటే, దానిని అట్లే తీసికొని లెక్క చేస్తాడు. కాని ఆ అంకె ఎక్కడినుండి వచ్చినది? దానిని కొలిచినవారెవరు? దానిని ఎంతవరకు నమ్మవచ్చును? ఈ మూడు ప్రశ్నలలో చివరిది అన్నిటికంటె కష్టమైనది. దానికి సరియైన సమాధానము చెప్పడము నేర్చుకొనడానికి శాస్త్రజ్ఞులకు నూట యాభై సంవత్సరములకు పైగా పట్టినది. ఆ కథయే ఈ వ్యాసములోని విషయము. ఇందులో చెప్పిన ఉష్ణోగ్రతలన్నీ సెంటీగ్రేడు డిగ్రీలు.

వాట్ చేసిన కొలతలు

1763-64 శీతాకాలములో గ్లాస్గో విశ్వవిద్యాలయములో పరికరములు బాగుచేసే జేమ్స్ వాట్ వద్దకు న్యూకమెన్ యంత్రపు చిన్న నమూనా ఒకటి మరమ్మతుకు వచ్చినది. ఆ నమూనా మింగుతున్న ఆవిరిని చూచి వాట్ ఆశ్చర్యపడ్డాడు. ఆవిరిలో ఎంత వేడి ఉన్నదో తెలిసికొనడానికి ఆవిరిని చన్నీటిలోనికి పంపి చూచాడు. ఆవిరిగా మారిన నీరు తన బరువుకు సుమారు ఆరు రెట్లు బరువైన చన్నీటిని మరుగుస్థానము వరకు వేడిచేయగలదని తేలినది. ఆవిరిలో దాగియున్న ఈ వేడికి కారణమేమో అదే విశ్వవిద్యాలయములోని ఆచార్యుడు జోసెఫ్ బ్లాక్ అతనికి వివరించాడు. బ్లాక్ అప్పటికే గుప్తోష్ణమును కనుగొని ఉన్నాడు.

మరిగే నీటినుండి వచ్చిన ఆవిరి, నీటికి 1800 రెట్లు చోటు ఆక్రమిస్తుందని కూడా వాట్ లెక్క కట్టాడు. నేటి పట్టికల ప్రకారము చన్నీటితో పోల్చితే ఇది సుమారు 1670 రెట్లు. చేతికి దొరికిన సామాగ్రితో చేసిన కొలతకు ఇది తక్కువ విజయము కాదు.

అయితే పీడనము పెరిగినప్పుడు ఆవిరిలోని వేడి ఏమవుతుంది? వాట్ అభిప్రాయములో, నీటిని మరుగుస్థానము వరకు తెచ్చే వేడిని, గుప్తోష్ణమును కలిపితే వచ్చే మొత్తపు వేడి ఎప్పుడూ ఒక్కటే. మొదటిది పెరిగినంత మేర రెండవది తగ్గుతుంది. వాట్‌కు సహాయకుడుగా పనిచేసిన జాన్ సదరన్ మరికొన్ని ప్రయోగములు చేసి, గుప్తోష్ణమే మారకుండా ఉంటుందనీ, మొత్తపు వేడి పెరుగుతుందనీ అన్నాడు. ఇది పండితుల తగవు మాత్రమే కాదు. ఎక్కువ పీడనము గల ఆవిరిని తయారుచేయడానికి బొగ్గు అదనముగా కావలెనా, అక్కరలేదా అన్నది ఇందులోని ప్రశ్న. గనుల యజమానులకు, మిల్లుల యజమానులకు అది డబ్బుతో కూడిన విషయము.

గోపురములో గాజుగొట్టము

పీడనము పెంచినకొద్దీ మరొక ప్రశ్న ముందుకు వచ్చినది. అది ప్రాణములకు సంబంధించినది. బాయిలరులు పేలి మనుషులు చనిపోతున్నారు. ప్రమాదము రాకుండా బాయిలరుకు ఒక మిశ్రలోహపు బిళ్లను అమర్చే పద్ధతి ఫ్రాన్సులో ఉండేది. ఉష్ణోగ్రత హద్దు దాటితే ఆ బిళ్ల కరిగి ఆవిరి బయటికి పోతుంది. కాని ఏ పీడనానికి ఏ ఉష్ణోగ్రతయో తెలియకపోతే, ఏ డిగ్రీ వద్ద కరిగే లోహమును వాడవలెనో ఎట్లా నిర్ణయిస్తారు? 1823లో ఫ్రెంచి ప్రభుత్వము ఈ సంగతి తేల్చవలసినదని అకాడమీ శాస్త్రజ్ఞులను కోరినది.

ఆ పనికి డ్యూలాంగ్, అరాగో అనే వారు పూనుకొన్నారు. గొప్ప పీడనములను కొలవడానికి ఎత్తైన పాదరసపు స్తంభము కావలెను. పారిస్ నగరములో హెన్రీ నాలుగవ రాజు పేర ఉన్న కళాశాలలోని పాత గోపురములో, ఒక్కొక్కటి రెండు మీటర్ల పొడవు గల పదమూడు గాజుగొట్టములను ఒకదానిపై ఒకటి నిలిపి, ఆ పాదరసపు స్తంభముతో తమ పీడనమాపకమును సరిచూచుకొన్నారు. తరువాత దానిని బాయిలరుకు తగిలించి, 24 వాతావరణ పీడనముల వరకు కొలిచారు. వారి ఫలితములు 1830లో అచ్చయినవి. 24 వాతావరణముల వద్ద వారికి వచ్చిన ఉష్ణోగ్రత 224 డిగ్రీలకు కొంచెము పైన. నేటి పట్టికలో అది 223కు కొంచెము లోపల ఉన్నది. పేలిపోగల బాయిలరు ప్రక్కన నిలబడి చేసిన కొలతలో తప్పు ఒకటిన్నర డిగ్రీ మాత్రమే.

అయితే వారు అక్కడితో ఆగలేదు. కొలిచిన అంకెలకు సరిపోయే ఒక సూత్రమును కట్టి, దానితో 50 వాతావరణముల వరకు పట్టికను పొడిగించారు. కొలిచిన అంకె, ఊహించిన అంకె ఒకే పట్టికలో ప్రక్కప్రక్కన కూర్చున్నవి. అదృష్టవశాత్తు ఆ ఊహ నిజమునకు దగ్గరగానే ఉన్నది. అన్నిచోట్లా అట్లా జరుగదు.

రెన్యో జీవితకృషి

ఆవిరి పట్టికలకు నిజమైన పునాది వేసినవాడు విక్టర్ రెన్యో. అతడు 1810లో పుట్టాడు. సైనికోద్యోగి అయిన తండ్రి నెపోలియను చేసిన రష్యా దండయాత్రలో మరణించాడు. చిన్ననాటనే అనాథయైన రెన్యో పారిస్‌లో బట్టలదుకాణములో పనిచేస్తూ చదువుకొని, 1830లో ప్రసిద్ధమైన పాలిటెక్నిక్ కళాశాలలో ప్రవేశించాడు. పదేండ్ల తరువాత అక్కడనే గేలూసాక్ స్థానములో రసాయనశాస్త్రాచార్యుడైనాడు. 1841లో కాలేజ్ ద ఫ్రాన్స్‌లో భౌతికశాస్త్రాచార్య పదవి లభించినది.

ఆవిరియంత్రముల లెక్కకు అవసరమైన సంఖ్యలన్నిటినీ కొలిచి ఇవ్వవలసినదని ప్రభుత్వము రెన్యోకు అప్పగించినది. అతడు చేసిన కృషి 1847, 1862, 1870 సంవత్సరములలో మూడు పెద్ద సంపుటములుగా వెలువడినది. అందమైన సూత్రములపై అతనికి మోజు లేదు. తనకు ముందున్నవారు కొలతలో వచ్చిన తేడాలను సూత్రమునకు సరిపడేటట్లు సర్దుకొన్నారని అతడు గమనించాడు. అందుచేత ప్రతిదానిని నేరుగా కొలవడము, ఒకే రాశిని రెండు మూడు పద్ధతులలో కొలిచి సరిచూచుకొనడము తన నియమముగా పెట్టుకొన్నాడు.

వాట్, సదరన్‌ల తగవు అతని చేతిలో తీరినది. ఇద్దరూ పొరబడినవారే. మొత్తపు వేడి స్థిరముగా ఉండదు, గుప్తోష్ణమూ స్థిరముగా ఉండదు. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ గుప్తోష్ణము తగ్గుతుంది, మొత్తపు వేడి మెల్లగా పెరుగుతుంది. దీనిని రెన్యో ఒక చిన్న సూత్రముగా వ్రాశాడు: మొత్తపు వేడి కావలెనంటే, ఉష్ణోగ్రతను 0.305తో గుణించి 606.5 కలుపవలెను, వచ్చినది ఒక కిలోగ్రాముకు కిలోకెలోరీలలో ఉంటుంది. 100 డిగ్రీలకు ఇది 637 అవుతుంది. నేటి విలువ సుమారు 639. 200 డిగ్రీలకు రెన్యో సూత్రము 667.5 ఇస్తుంది, నేటి విలువ సుమారు 667.

ఈ అంకెలు యంత్రములకే పరిమితము కాలేదు. 1845లో రెన్యో ప్రయోగశాలలో కొంతకాలము పనిచేసిన విలియం థామ్సన్ అనే యువకుడు, 1849లో ఈ పట్టికలను తీసికొని కార్నో సిద్ధాంతమునకు సంఖ్యారూపము ఇచ్చాడు. తరువాత కెల్విన్ ప్రభువుగా పేరొందినది ఇతడే. పరమ ఉష్ణోగ్రత అనే భావము స్థిరపడడములో రెన్యో కొలతలకు కూడా భాగమున్నది.

1870లో ఫ్రాన్సుకు, ప్రష్యాకు యుద్ధము వచ్చినది. అప్పటికి రెన్యో సేవ్ర్‌లోని పింగాణి కర్మాగారమునకు అధ్యక్షుడుగా ఉండి, అక్కడనే ప్రయోగములు చేస్తున్నాడు. ఆ ప్రాంతము సైనికుల వశమైనప్పుడు అతని ఉష్ణమాపకములు, త్రాసులు, పీడనమాపకములు పగులగొట్టబడినవి. వందలాది పరిశీలనల వ్రాతలు నాశనమైనవి. 1871 జనవరి 19వ తేదీన అతని కుమారుడు, చిత్రకారుడు హెన్రీ రెన్యో, బుజెన్వాల్ యుద్ధములో మరణించాడు. ఆ దెబ్బనుండి తండ్రి తేరుకోలేదు. సరిగా ఏడు సంవత్సరముల తరువాత, 1878లో అదే జనవరి 19వ తేదీన రెన్యో కన్నుమూశాడు. అచ్చయిన సంపుటములు మాత్రము నిలిచినవి. యంత్రశాస్త్రజ్ఞులు చాలకాలము వాటిపైననే ఆధారపడ్డారు.

సరళరేఖ చేసిన మోసము

రెన్యో సూత్రమును గ్రాఫుగా గీస్తే సరళరేఖ వస్తుంది. అతడు మొత్తపు వేడిని కొలిచినది 200 డిగ్రీలకు లోపలనే. ఆ హద్దు లోపల రేఖ చక్కగా పనిచేసినది. కాని రేఖకు తన హద్దు తెలియదు. స్కేలుపెట్టి ఎంత దూరమైనా పొడిగించవచ్చును.

నిజమైన ఆవిరి ఆ రేఖవెంట పోదు. సుమారు 235 డిగ్రీల వద్ద మొత్తపు వేడి శిఖరమునందుకొని, అక్కడినుండి దిగజారుతుంది. 300 డిగ్రీల వద్ద రెన్యో రేఖ 698 అంటే, నిజమైన విలువ సుమారు 657 మాత్రమే. 374 డిగ్రీల వద్ద సందిగ్ధ ఉష్ణోగ్రత వస్తుంది. అక్కడ నీటికి, ఆవిరికి భేదము మాసిపోతుంది. గుప్తోష్ణము సున్న అవుతుంది. అక్కడి విలువ సుమారు 498. రేఖ మాత్రము 720 దాటిపోయి ఉంటుంది. తప్పు రెన్యోది కాదు. అతని అంకెలను అతడు కొలవని చోటికి తీసికొని పోయినవారిది.

పట్టికను పరీక్షించడానికి అప్పటికే ఒక సాధనము ఉన్నది. 1834లో క్లాపెరాన్ వ్రాసి, తరువాత క్లాసియస్ బలపరచిన సంబంధము అది. ఒక డిగ్రీకి ఆవిరి పీడనము ఎంత పెరుగుతుందో దానిని పరమ ఉష్ణోగ్రతతోను, నీరు ఆవిరి కావడములో పెరిగిన ఘనపరిమాణముతోను గుణిస్తే గుప్తోష్ణము రావలెను. దీనిని విద్యార్థులే చేసి చూడవచ్చును. 100 డిగ్రీల వద్ద పీడనము డిగ్రీకి సుమారు 3.62 కిలోపాస్కళ్లు పెరుగుతుంది. పరమ ఉష్ణోగ్రత 373. ఒక కిలోగ్రాముకు ఘనపరిమాణములో పెరుగుదల 1.671 ఘనమీటర్లు. ఈ మూడింటిని గుణిస్తే 2256 కిలోజౌళ్లు. వ్యాసము మొదట చెప్పిన అంకె దాదాపు ఇదే. పీడనము, ఘనపరిమాణము, వేడి అనేవి వేర్వేరు పరికరములతో కొలిచినా, ప్రకృతి వాటిని ఒక ముడితో కట్టియున్నది. ఒకటి తప్పితే ముడి విడిపోతుంది. ఆవిరి సాంద్రత సాధారణ వాయుసూత్రము చెప్పినదానికంటె ఎక్కువ ఉండవలెనని ఈ ముడినిబట్టియే ముందుగా తెలిసినది. 1860లో ఫెయిర్‌బెయిర్న్, టేట్ అనేవారు ప్రయోగము చేసి అది నిజమేనని చూపారు.

దేశమునకొక పట్టిక

1884లో పార్సన్స్ ఆవిరి టర్బైను నిర్మించిన తరువాత పీడనములు, ఉష్ణోగ్రతలు త్వరగా పెరిగినవి. మరుగుస్థానము దాటి ఇంకా వేడెక్కించిన పొడి ఆవిరిని వాడసాగారు. రెన్యో అంకెలు చాలలేదు. ఇంగ్లండులో కాలెండర్ 1900లో ఆవిరికి ఒక కొత్త సమీకరణమును ఇచ్చి, 1915లో పట్టికలు ప్రకటించాడు. జర్మనీలో డ్రెస్డెన్ ఆచార్యుడు మోలియే 1904లో ఆవిరి ధర్మములన్నిటినీ ఒకే కాగితముమీద చూపే పటమును గీశాడు. 1906లో పట్టికలు వేశాడు. అమెరికాలో మార్క్స్, డేవిస్‌ల పట్టికలు 1909లో వచ్చినవి. సాధారణ పీడనముల వద్ద ఇవి ఒకదానితో ఒకటి సరిపోయినా, పై పీడనములకు పోయేకొద్దీ తేడాలు పెరిగినవి.

1925లో బోస్టన్ నగరపు ఎడ్గార్ విద్యుత్కేంద్రములో చదరపు అంగుళమునకు 1200 పౌనుల పీడనముతో, అనగా 80 వాతావరణములకు పైన, ఆవిరిని వాడారు. అటువంటి చోట పట్టికల తేడా కాగితము దాటి బయటికి వస్తుంది. ఒక టర్బైను ఇంత ఆవిరికి ఇంత విద్యుత్తు ఇస్తుందని తయారుచేసినవారు హామీ ఇస్తారు. హామీ నెరవేరినదో లేదో పట్టికను చూచి లెక్క కట్టవలెను. అమ్మినవారు ఒక పట్టిక, కొన్నవారు మరొక పట్టిక చూస్తే, అదే యంత్రము ఒక లెక్కలో గెలుస్తుంది, మరొక లెక్కలో ఓడుతుంది.

ఈ చిక్కు విడదీయడానికి 1921లో అమెరికను మెకానికల్ ఇంజనీర్ల సంఘము పూనుకొని, ప్రయోగముల పనిని జాతీయ ప్రమాణాల సంస్థకు, మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు, హార్వర్డు విశ్వవిద్యాలయమునకు పంచిపెట్టినది. ప్రమాణాల సంస్థలో ఆస్‌బర్న్, స్టిమ్సన్, గిన్నింగ్స్ అనే మువ్వురు నీటి వేడిని సందిగ్ధ ఉష్ణోగ్రత వరకు విద్యుత్ కెలోరీమీటరుతో కొలిచారు. 1937, 1939లలో వారు ప్రకటించిన అంకెలు ఎంత నిక్కమైనవంటే, ఈనాటి సమీకరణములకు కూడా అవి ఆధారముగా నిలిచియున్నవి.

సందేహమును అచ్చువేయడము

మొదటి అంతర్జాతీయ ఆవిరి పట్టికల సమావేశము 1929 జులైలో లండనులో జరిగినది. కొలతబద్ద విషయములోనే ఏకాభిప్రాయము లేదని అక్కడ తేలినది. ‘కెలోరీ’ అనే మాటకు రెండు మూడు అర్థములు వాడుకలో ఉన్నవి. నీటిని వేడిచేయడముతో కెలోరీని నిర్వచించే పద్ధతిని విడిచి, ఒక కిలోవాట్ అవర్‌లో 860వ వంతును ఒక కిలోకెలోరీ అనవలెనని సమావేశము నిర్ణయించినది. 1956లో లండనులోనే జరిగిన మరొక సమావేశములో, ఒక కెలోరీకి 4.1868 జౌళ్లు అని ఖాయము చేశారు.

1930లో బెర్లినులోను, 1934లో అమెరికాలోను తరువాతి సమావేశములు జరిగినవి. 1934లో ఒప్పుకొన్న పట్టికను ‘అస్థిపంజర పట్టిక’ అన్నారు. ఎంపిక చేసిన కొన్ని ఉష్ణోగ్రతలకు, పీడనములకు మాత్రమే అందులో విలువలు ఉన్నవి. అయితే ప్రతి విలువ ప్రక్కన మరొక చిన్న అంకె ఉన్నది. నిజమైన విలువ ఇంతకంటె ఎక్కువగా అటూ ఇటూ ఉండదు అని ఆ అంకె అర్థము. దీనిని హెచ్చుతగ్గుల అవధి అనవచ్చును.

ఆవిరి పట్టికల చరిత్రలో ఇది గొప్ప మలుపు. అంతకుముందు పట్టికలు ‘ఇంత’ అని మాత్రమే చెప్పేవి. ఇప్పుడు ‘ఇంత, ఈ మేరకు సందేహముతో’ అని చెప్పినవి. ఏ ప్రయోగశాల అంకె గెలిచినది, ఏది ఓడినది అనే తగవు దీనితో పోయినది. ఏ దేశమువారైనా తమ పట్టికను తామే తయారుచేసికొనవచ్చును. అందలి విలువలు ఆ అవధులకు లోబడి ఉంటే చాలు. అమెరికాలో కీనన్, కీస్ అనేవారు 1936లో ప్రకటించిన ప్రసిద్ధమైన పట్టికలు అటువంటివే. 1963లో న్యూయార్కు సమావేశము ఈ అస్థిపంజర పట్టికను 800 డిగ్రీలకు, 1000 బార్ల పీడనమునకు విస్తరింపజేసినది.

స్నిగ్ధత కథ

పీడనము, సాంద్రత, వేడి తెలిసినంత మాత్రాన పని తీరదు. గొట్టములో నీరు పారాలంటే ఎంత బలమైన పంపు కావలెనో స్నిగ్ధత చెప్పవలె. గొట్టపు గోడనుండి నీటిలోనికి వేడి ఎంత త్వరగా పోతుందో తెలిసికొనడానికి ఉష్ణవాహకత కావలెను. వీటిని కొలవడము మరీ కష్టము. క్లాపెరాన్ సంబంధమువంటి సులభమైన ముడి వీటికి లేదు, ప్రయోగమే దిక్కు.

రక్తము సన్నని నాళములలో ఎట్లా ప్రవహిస్తుందో తెలిసికోగోరిన ఫ్రెంచి వైద్యుడు పోయిజె, 1840 తరువాతి సంవత్సరములలో సన్నని గాజుగొట్టములతో నీటి ప్రవాహమును కొలిచాడు. తరువాత లోకములో స్నిగ్ధతామాపకములన్నిటినీ నీటితో పోల్చి సరిచూడడము ఆచారమైనది. అందుచేత 20 డిగ్రీల వద్ద నీటి స్నిగ్ధత ఎంత అనే ఒక్క అంకెమీద నూనెలు, రంగులు, మందులు మొదలైన అన్నిటి స్నిగ్ధత ఆధారపడినది. ఆ ఒక్క అంకెను తేల్చడానికి అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో 1931లో మొదలైన పని 1952లో ముగిసినది. అంతవరకు వాడిన 1.005 సెంటిపాయిజులకు బదులు 1.002 అని తేలినది. తేడా వేయింటికి మూడు పాళ్లు మాత్రమే. కాని అంతవరకు నీటితో సరిచూచిన ప్రతి కొలతలోను ఆ మూడు పాళ్ల తప్పు నిశ్శబ్దముగా దాగియున్నది. 1964లో ఆవిరి స్నిగ్ధతకు, ఉష్ణవాహకతకు కూడా అవధులతో కూడిన అంతర్జాతీయ పట్టికలు ఏర్పడినవి.

పట్టికనుండి సమీకరణమునకు

కంప్యూటర్లు వచ్చిన తరువాత పుటలు తిరగవేసే పని తగ్గినది. యంత్రమునకు పట్టిక కంటె సమీకరణము అనుకూలము. 1967లో పరిశ్రమల వాడుకకు ఒక అంతర్జాతీయ సమీకరణ సమితి సిద్ధమైనది. దాని స్థానములో 1997లో ఇంకా వేగముగా లెక్కకువచ్చే సమితిని అంగీకరించారు. శాస్త్ర పరిశోధనకు 1995లో అంగీకరించిన సమీకరణమును జర్మనీలోని బోకమ్ విశ్వవిద్యాలయములో వాగ్నర్, ప్రుస్ అనేవారు రూపొందించారు. అందులోని ప్రధాన భాగములో 56 పదములున్నవి. ఆ ఒక్క సమీకరణమునుండి నీటి పీడనము, సాంద్రత, వేడి అన్నీ వస్తవి. కనుక అవి ఒకదానితో ఒకటి పొందక పోవడమనేది ఉండదు. సాధారణ వాతావరణ పీడనము వద్ద నీటి సాంద్రతను అది పదిలక్షలలో ఒక పాలు తప్పు మించకుండా చెప్పగలదు. అంతటి సమీకరణముతోపాటు కూడా, ఏ ప్రాంతములో ఎంతవరకు నమ్మవచ్చునో తెలిపే పటములను జతచేసియే ప్రకటించారు.

డ్యూలాంగ్, అరాగోల పట్టికలో కొలిచిన అంకె, ఊహించిన అంకె కలిసిపోయినవి. రెన్యో రేఖను ఇతరులు హద్దు దాటించారు. 1934 నాటి పట్టిక మాత్రము తన హద్దును తానే చెప్పుకొన్నది. పాఠశాల ప్రయోగశాలలో కూడా ఈ పాఠము ఉపయోగించేదే. సాదా కెలోరీమీటరుతో ఆవిరి గుప్తోష్ణమును కొలిచినప్పుడు, పుస్తకములోని 2257 రాలేదని విద్యార్థి తన అంకెను దిద్దుకొనడము సామాన్యముగా జరిగేదే. అట్లా దిద్దకుండా, తనకు వచ్చిన అంకెను వచ్చినట్లే వ్రాసి, ఉష్ణమాపకములో ఎంత తప్పు ఉండవచ్చును, ఆవిరితో పాటు ఎన్ని నీటిబొట్లు వచ్చి ఉండవచ్చును అని లెక్కించి, ఆ అవధిని ప్రక్కన వ్రాయమని ఉపాధ్యాయుడు చెప్పవలెను. బట్టలదుకాణములో పనిచేసి పైకి వచ్చిన రెన్యో, ఒకే రాశిని రెండు మూడు విధములుగా కొలిచి చూచుకొన్నది కూడా ఈ నిజాయితీ కొరకే.